యాత్రకు ముందు చదువదగిన రెండు పుస్తకములు

మన బంగారు గనుల ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు యాత్ర యనిన మొదట జ్ఞప్తికి వచ్చునది తిరుపతి, తరువాత కాశి. ఇప్పుడు సీమప్రయాణము కూడ ఆ వరుసలో చేరినది. మారికుప్పం రైలులో బంగారుపేటకును, అచ్చటినుండి బెంగుళూరికిని చదువులకై పోయిన పిల్లలు నేడు విదేశములలో ఉద్యోగములు చేయుచు, పెద్దలను నాలుగు దినములు వచ్చి చూచిపొండని పిలుచుచున్నారు. అట్టి పిలుపు నిరుడు మా యింటికిని వచ్చినది. మా పెద్దమ్మాయి కుమారుడు స్కాట్లండు రాజధానియైన ఎడింబరోలో నున్నాడు. "తాతా, మూడు దినములలో ఊరంతయు చూపించెదను" అని చెప్పి, ఇంగ్లీషున ఒక పట్టికను వ్రాసి పంపినాడు.

ఆ పట్టికను చేత బట్టుకొని, నా బీరువాలోని రెండు తెలుగు పుస్తకములను మరల చదివితిని. ఒకటి ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర'. రెండవది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టర్ పార్వతీశం'. నేను మెట్రిక్యులేషను వరకు చదివి, గుమాస్తాగిరి చేసి విశ్రాంతి తీసికొన్నవాడను. అలంకారశాస్త్ర విచారము నాకు చేతగాదు. ప్రయాణము చేయబోవు గృహస్థునకు ఈ పుస్తకములు ఎంతవరకు అక్కరకు వచ్చుననునదియే నా ప్రశ్న.

వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. అనగా మనవలె కచేరి మనిషియే. ఉద్యోగము మాత్రము మనకంటె చాల పెద్దది. 1830 మే 18వ తేదీన బయలుదేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మార్గమున కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథము చూచుకొని, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినారు. వెంట ఇంచుమించు నూరుమంది పరివారము. దారిపొడుగునను తన మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి సంగతులు వ్రాసి పంపినారు. ఆ వ్రాతలే 1838లో పుస్తకమైనవి.

ఈ గ్రంథమున నన్ను ఆకర్షించినది క్షేత్రవర్ణన కాదు. ఏ మజిలీ ఎంత దూరము, దారి ఇసుకయా రాయియా, నీరు మంచిదా కాదా, అంగళ్ళు గలవా, దిగుటకు చోటున్నదా అను విచారణ. వీరాస్వామయ్యగారు తన వెనుక రాబోవు పేదవానిని మనస్సున నుంచుకొని వ్రాసినట్లు తోచును. భాషయు కచేరీలో వాడుకలో నుండిన తెలుగే. ఇందు లోపములు లేకపోలేదు. మజిలీ వెంట మజిలీ వచ్చుటచే చదువరికి విసుగు పుట్టుచోట్లు కలవు. జాతుల గుణములను గూర్చి ఆయన చేసిన నిర్ణయములు కొన్ని నేటి మనము ఒప్పుకొనదగినవి కావు. అయినను యాత్రికుని మొదటి ధర్మమైన విచారణను ఈ పుస్తకమంత బాగుగ నేర్పునది మరియొకటి నా చేతికి రాలేదు.

ఆ విచారణతో మా మనుమని పట్టికను పరీక్షించితిని. మొదటి దినము కోట, రాయల్ మైలు వీధి, హోలీరూడ్ రాజప్రాసాదము, వస్తుప్రదర్శనశాల. రెండవ దినము స్కాటు స్మారకమున 287 మెట్లు, కాల్టన్ గుట్ట, ఆర్థర్స్ సీట్ కొండ. మూడవ దినము లాక్ నెస్ సరస్సునకు బస్సు, పోయివచ్చుటకు ఇంచుమించు 12 గంటలు. పట్టికలో పేర్లన్నియు కలవు. అరువదియైదేండ్ల మోకాళ్ళు మాత్రము లేవు! మూడవ దినమంతయు బస్సులో గడపినచో చూడవచ్చిన ఊరెక్కడ?

కోట యున్నది పూర్వమెప్పుడో అగ్నిపర్వతము విడిచిన రాతిగుట్టపైన. అచ్చటినుండి రాయల్ మైలు వీధి మైలు పొడుగున హోలీరూడ్ వరకు పల్లమునకు దిగును. కావున కోటకు బండిలో పోయి, దిగుచు నడచుట పెద్దలకు సుఖము. ఆదివారము తప్ప సాధారణముగ దినదినము పగలు ఒంటిగంటకు కోటపై ఫిరంగి ప్రేల్చు ఆచారము 1861నుండి కలదు. ఓడలవారు గడియారము సరిచూచుకొనుటకై ఏర్పడినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడువరకు గని కూతనుబట్టి అన్నము వండుకొన్న మనకు ఆ ఫిరంగి అర్థము ఒకరు చెప్పనక్కరలేదు. రెండవ దినమునకు వస్తుప్రదర్శనశాలయు, 1767లో జేమ్స్ క్రెయిగు గీసిన పటము ననుసరించి కట్టిన కొత్త పట్టణమును చాలును. ఆగస్టులో ఉత్సవములవలన బస దొరకుట కష్టము. డిసెంబరులో నాలుగు గంటలు కాకమునుపే ప్రొద్దు క్రుంకును. మే, జూన్ నెలలు మేలు. మూడవ దినమును ఖాళీగ నుంచితిని. దాని కారణము ముందు చెప్పెదను.

ఇక పార్వతీశము. మూడు భాగముల ఈ నవలను మనవారు హాస్యగ్రంథముగనే తలచుచున్నారు. మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు కావలెనని సీమకు బయలుదేరి, మద్రాసున ఆడవారి టోపీని కొని తలకు పెట్టుకొనుట చదివి నవ్వనివారుండరు. నాకు మాత్రము ఇది ప్రయాణసన్నాహమును గూర్చిన మంచి పాఠముగ కనుపించినది. పార్వతీశమునకు ధైర్యమునకు కొదువ లేదు, అడుగుటకు సిగ్గు. అతని కష్టములలో సగము తెలియనిదానిని తెలిసినట్లు నటించుటవలన వచ్చినవే. విమానాశ్రయములలో మనవారు పడు తొట్రుపాటును చూచినవారికి ఇది నూరేండ్లనాటి కథ యనిపించదు.

ఈ పుస్తకమునకును లోపము కలదు. హాస్యము కొన్నిచోట్ల మితిమీరినది. ఎడింబరోలో చదువుకొన్న నాయకుని కథయైనను, ఆ నగరపు రూపము మన కన్నులకు కట్టదు, పార్వతీశమే నిండియుండును. వీరాస్వామయ్యగారు ఊరిని చూపి తాను ప్రక్కకు తప్పుకొనును. శాస్త్రిగారు మనిషిని చూపి ఊరిని ప్రక్కకు నెట్టును. రెండును కలిపి చదివినవాడే సరియైన యాత్రికుడగును.

ఈ మాటలన్నియు మనుమనికి దూరవాణిలో చెప్పి, "పార్వతీశము మీ యూరిలోనే చదివినాడు, నీవును చదువు" అంటిని. వాడు కొంతసేపు మాటాడలేదు. తరువాత, "తాతా, నాకు తెలుగు మాటాడుటయే గాని చదువుట రాదు గదా" అనినాడు. తప్పు వానిది కాదు. బడిలో కన్నడము, ఇంగ్లీషు నేర్చినాడు. వీధిలో తమిళము నేర్చినాడు. ఇంట నేర్పవలసినదానిని మేము నేర్పలేదు. ఎడింబరో తెలుగు కథను ఎడింబరోలోని తెలుగువాడు చదువలేకపోయినాడు. పుస్తకముల లోపములు ఎంచుచున్న నాకు నా లోపము అప్పుడు కనుపించినది.

మూడవ దినమును ఖాళీగ నుంచుట యిందుకే. ఆనాడు ఏదైన తోటలో కూర్చుండి పార్వతీశమును వానికి చదివి వినిపించవలెననియు, చూచిన సంగతులను ఇంటికి తెలుగున ఒక జాబుగ వ్రాయవలెననియు నిశ్చయించితిని. జాబున ఒక్క వాక్యమైనను వాని చేత వ్రాయించెదను. మిత్రునకు వ్రాసిన సంగతులే వీరాస్వామయ్యగారి గ్రంథమైనవని మరువరాదు. నేటి యాత్రికులు ఛాయాచిత్రములు వందలకొలది తెచ్చుచున్నారు. ఏ వీధిలో నీరు దొరకినది, ఎవరు దారి చూపినారు అను ముక్క ఒక్కటియు తెచ్చుట లేదు.

ఇంకొక మాట. ఆ దేశపువారు మన ప్రాంతమును చూడవచ్చినచో మనమేమి చూపెదము? కోలారమ్మ గుడిని, ఆవని కొండను, 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చినప్పటినుండి పేరుకొన్న సైనైడు దిబ్బలను గూర్చి మన పిల్లలకు తెలుగున నాలుగు పుటలైనను వ్రాసియుంచవలదా? విదేశయాత్రకు సిద్ధపడు కుటుంబములు ముందుగ ఒక ఆదివారము ఇచ్చటనే తిరిగి, వీరాస్వామయ్యగారి పద్ధతిని వ్రాసి చూడవలెనని నా ప్రార్థన. మా మనుమడు ఇప్పుడు ప్రతి శనివారము నా యొద్ద దూరవాణిలో అక్షరములు దిద్దుచున్నాడు. గుణింతములు ముగిసిన తరువాతనే నా ప్రయాణమునకు టిక్కెట్టు కొనవలెనని వానికి షరతు పెట్టితిని.