అయిదు భాగాల పొందిక

నింటెండో 64 కన్సోల్ కోసం నాయిస్ సంస్థ రూపొందించగా 1999 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన 'కస్టమ్ రోబో'ను పోరాట ఆటల కోవలో చేర్చినప్పటికీ, అందులో గెలుపోటములు చాలావరకు పోరుకు ముందే, విడిభాగాలు ఎంచుకునే దశలోనే తేలిపోతాయి. రోబో శరీరం, గన్, బాంబు, పాడ్, కాళ్లు అనే అయిదింటిని ఆటగాడు విడివిడిగా ఎంచి జతచేయాలి. వీటిలో బాంబు అడ్డుగోడల మీదుగా విసరడానికి పనికివస్తే, పాడ్ అనేది వదిలిన తరువాత తనంతట తానే ప్రత్యర్థి వైపు సాగి పేలే చిన్న యంత్రం.

ఏ భాగమూ లోపం లేనిది కాదు. గాట్లింగ్ గన్ గుళ్ల వాన కురిపిస్తుంది గాని, నేల మీద నిలిచి కాలుస్తున్నంతసేపూ రోబో కదలలేదు కాబట్టి, ఆ వ్యవధిలో ప్రత్యర్థి మీదికి రాకుండా ముందే ఒక పాడ్‌ను వదిలి ఉంచాలి. దాన్ని తప్పించుకోవడానికి ప్రత్యర్థి పైకెగిరితే, కిందికి దిగిన రోబో మళ్లీ కదలడానికి రెప్పపాటు జాప్యం తప్పదు గనుక, గుళ్లు సరిగ్గా ఆ చోటుకు, ఆ క్షణానికి చేరాలి. కాళ్లను మార్చితే ఎగిరే ఎత్తు, నడిచే వేగం మారి, అలవాటైన లెక్కలన్నీ తప్పుతాయి.

దెబ్బలు పేరుకుని కూలిన రోబో తిరిగి లేచేటప్పుడు కొద్దిసేపు దానికి ఏ దెబ్బా తగలదన్న నియమం మరీ సూక్ష్మమైనది. ఒక్క దెబ్బకే పడగొట్టే ఆయుధం ప్రత్యర్థికి ఊపిరి పీల్చుకునే వ్యవధిని కూడా ఇస్తుందన్న మాట.

కథ ప్రకారం ఈ రోబోలు సైనిక యంత్రాలు కావు, పిల్లలు పోటీలకు దించే బొమ్మలు. మోటార్లూ రోలర్లూ మార్చి పందేలకు దించే తమియా వారి మినీ ఫోర్ డబ్ల్యూడీ బొమ్మకార్లు 1982 నుంచీ దొరుకుతున్న దేశంలో ఈ ఊహకు వివరణ అక్కరలేకపోయింది. (రోబోను ఘనాకారంలో ముడిచి ఫిరంగితో రంగంలోకి పేల్చడం మాత్రం ముచ్చటైన హంగు.)

2000లో వచ్చిన రెండో భాగం నలుగురు కలిసి ఆడే వీలు కల్పించింది. జపాన్ దాటి అమెరికాకు ఈ వరుస చేరింది 2004లో, గేమ్‌క్యూబ్ మీద. అందులో సంభాషణలు విసుగు పుట్టించేంత సాగుతాయన్న ఫిర్యాదు న్యాయమైనదే. కాని కథ నడిచేకొద్దీ భాగాలు కొద్దికొద్దిగా చేతికందడం వల్ల, కొత్త గన్ వచ్చేలోగా పాత గన్ ఏ దూరంలో పనికిరాదో ఆటగాడికి తెలిసిపోతుంది.