అనుబంధము పోషణమా, ప్రక్షిప్తమా?

కావ్యమును పోషించుట వేఱు, పొడిగించుట వేఱు. ఈ భేదము మన లాక్షణికులకు నూతనము కాదు. దీనిని పరీక్షించుటకు నేఁడు హైదరాబాదునందు ఒక క్రొత్త సందర్భము లభించినది. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిదప మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి ప్రాంతములు సాఫ్టువేరు వృత్తికి నెలవులైనవి. ఆ వృత్తియందున్నవారిలో కొందఱు వారాంతములందు బల్లచుట్టును కూర్చుండి పాశ్చాత్యదేశపు సాహసక్రీడలను ఆడుచున్నారు. అట్టి క్రీడలలో "టాలిస్మన్" చిరకాలముగా ప్రసిద్ధమైనది. మూలక్రీడను కొన్నవానికి వెంటనే యొక ప్రశ్న యెదురగును: దానికి వెలువడిన అనుబంధములను గూడ కొనవలయునా? కొన్నచో ఆట బాగుపడునా? ఇది వర్తకమునకు సంబంధించిన ప్రశ్నవలె తోఁచును. విచారింపఁగా సాహిత్యప్రశ్నయే, ఏలయన నీ క్రీడ పటముపై నడచు కథ. కథకు చేర్చిన భాగము అంగమా, ప్రక్షిప్తమా యని నిర్ణయించుట పండితుల పని.

ముందు మూలమును చూడవలయును. 1983లో ఇంగ్లండునందు గేమ్స్ వర్క్‌షాప్ వారు ప్రకటించిన యీ క్రీడకు కర్త రాబర్ట్ హారిస్. పటమునందు ఒకదానిలో నొకటిగా మూఁడు ఆవరణములుండును. ఆటగాఁడు యోధుఁడుగనో, మాంత్రికుఁడుగనో, మఱియొక పాత్రముగనో వెలి ఆవరణమునుండి బయలుదేఱును. పాచిక వేసి, పడిన సంఖ్యకు సరిగా కుడికో యెడమకో నడచును. చేరిన గడియందు పేకముక్కవంటి సాహసపత్రమును తీసి, అందు కనఁబడిన మృగముతోనో భూతముతోనో పోరాడి, బలమును మంత్రశక్తిని వృద్ధిచేసికొనును. టాలిస్మన్ అనఁగా రక్షరేకు. అది లేనివానికి లోపలి ఆవరణమునందలి అగ్నిలోయను దాఁట నలవి కాదు. దాఁటినవాఁడు నడుమనున్న ఆజ్ఞాకిరీటమును చేరి, అచటినుండి తక్కినవారి ప్రాణములను ఒక్కొక్కటిగా హరించి గెలుచును.

ఇందలి కథాశరీరము సుస్పష్టము. వెలినుండి లోనికి పోవుట, దుర్బలుఁడు బలవంతుఁడగుట, తుదకు ఒకే గమ్యమునకై పలువురు పోటీపడుట. లోపమును అంతే స్పష్టము. ఆటగాని యిచ్ఛకు మిగిలినది ప్రధానముగా కుడియా యెడమయా యను నిర్ణయము. తక్కినదానిలో అధికభాగము పాచిక చేతిలోను పత్రముల చేతిలోను ఉన్నది. పలుమాఱు ఆడినవానికి పత్రములు కంఠస్థములై ఆశ్చర్యము నశించును.

2007లో వెలువడిన నాలుగవ కూర్పునకు అనుబంధములు వరుసగా వచ్చినవి: 2008లో "ది రీపర్", 2009లో "ది డంజన్", 2011లో "ది డ్రాగన్", 2013లో "ది సిటీ". ఇవికాక మఱికొన్నియు కలవు. వీనిలో కొన్ని పత్రములను, పాత్రములను మాత్రము చేర్చును. కొన్ని మూలపటము మూలలకు వేఱు పటములను తగిలించును. అనుబంధపక్షమువారి వాదమిది: ఎఱిఁగిన కథయందు కుతూహలము లేదు, క్రొత్త భూములు, క్రొత్త శత్రువులు, క్రొత్త నిధులు వచ్చినచో నష్టమైన ఆశ్చర్యము మఱల కలుగును, కాఁబట్టి ప్రతి చేర్పును లాభమే. ఈ వాదము త్రోసివేయఁదగినది కాదు. అయినను అది వైవిధ్యమును గుణముగా నెంచినదే కాని, ఆ వైవిధ్యము దేనికి ఉపకరించునో విచారింపలేదు.

ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకము తృతీయోద్ద్యోతమునందు రసభంగహేతువులను చెప్పుచు, ప్రకృతరసముతో ఎట్లో సంబంధము కలిగినదైనను అన్యవస్తువును విస్తరించి వర్ణించుటను అందొకటిగా లెక్కించెను. సంబంధము లేనిదానిని చేర్చుట దోషమని యెవ్వరైనను చెప్పుదురు. సంబంధము ఉన్నను విస్తరము దోషము కావచ్చుననుట సూక్ష్మదృష్టి. అట్లని విస్తరమెల్ల దోషము కాదు. మార్కండేయపురాణమునందలి స్వల్పకథను గ్రహించి అల్లసాని పెద్దన ఆఱు ఆశ్వాసముల మనుచరిత్రమును నిర్మించెను. అందు ప్రవరవరూధినుల ఘట్టము మూలముకంటె ఎంతయో పెరిగినది. ఆ పెంపు త్రోవను దీర్ఘము చేయలేదు. ధర్మమునకును కోరికకును నడుమనున్న సంఘర్షణమును లోఁతు చేసినది. కాఁబట్టి అనుబంధమునకు పెట్టవలసిన పరీక్ష యొక్కటే: అది మూలమునందలి ప్రధానోద్వేగమును తీవ్రము చేయుచున్నదా, లేక దానినుండి దృష్టిని మరల్చుచున్నదా?

ఈ పరీక్షకు "ది రీపర్" నిలుచును. ఇందు మృత్యుదేవతామూర్తి యొకటి పటముపై సంచరించును. నడకకై వేసిన పాచికయందు ఒకటి పడినచో, ఆ యాటగాఁడు తన వంతు ముగించి, మృత్యువును నడపును. అది యెవని గడిని చేరునో వానికి ఆపద. ప్రాణము పోవుట కూడ సంభవింపవచ్చును. చేర్చినది స్వల్పము, ఫలము అధికము. మూలక్రీడలో ఒకటి యను సంఖ్య నడకను కుఱుచచేయునది మాత్రమే. ఇందు అది భయహేతువు, పరులపై ఆయుధము కూడ. త్రోవ ఒక గడియైనను పెరుగలేదు. ఉన్న త్రోవయందే ప్రతి పాచికకును బరువు కలిగినది.

"ది డంజన్" కొంతవఱకు నిలుచును. ఇది భూగర్భమార్గము. శత్రువులు దట్టముగా నుందురు. తుదియందు తమఃప్రభువు కాచియుండును. వానిని గెలిచినవాఁడు నిధిని పొందుటయే కాక, గెలుపు పరిమాణమునుబట్టి దూరస్థానమునకు, ఒక్కొక్కప్పుడు ఆజ్ఞాకిరీటమునకే నేరుగా చేరును. అనఁగా గమ్యము మాఱలేదు. దానికి రెండవ దారి యేర్పడినది. నెమ్మదిగా బలపడి నడుచుటయా, తెగించి లోనికి దూఁకుటయా యను వివేచనము ఆటగానికి లభించినది. మూలమునందలి లోపము ఇచ్ఛాస్వల్పత యగుటచే, దానిని సవరించు అనుబంధము ప్రక్షిప్తము కాదు.

"ది సిటీ" మాట వేఱు. ఇది పురవర్ణనము. ప్రబంధమున అష్టాదశవర్ణనములలో పురవర్ణనమునకు స్థానము కలదు; కాని అది నాయకుని గొప్పతనమునకు పీఠిక కావలయును. ఇందలి అంగళ్లు మనోహరములే. ధనమునకు ప్రయోజనము కల్పించుట యందలి మేలు. అయినను వీధులలో తిరుగువాఁడు కిరీటమును మఱచును. కథ నిలిచి వర్ణనము నడచును. "ది డ్రాగన్" దోషము ఇంకొక విధము. ప్రతి యాటగాఁడును తన వంతు మొదట పొలుసుబిళ్లను తీసి, మువ్వురు నాగప్రభువులలో ఎవరి బలము పెరిగినదో లెక్క చూడవలయును. భావన గంభీరము, ఆచరణమున వీరరసమునకు మాఱుగా కరణికము మిగులును.

అన్నింటిని ఒక్కసారి చేర్చినచో కలుగు ఫలము మఱింత విచారణీయము. పత్రముల కట్ట పెరిగినకొలఁది అందలి ఏ పత్రమైనను చేతికి వచ్చు అవకాశము తగ్గును. ఒకదానికొకటి తోడ్పడునట్లు కూర్పఁబడిన పత్రములు ఎడమైపోవును. బల్ల చాలదు, సాయంకాలము చాలదు. క్రొత్తగా కూర్చున్నవాఁడు నియమములు వినుటయందే అలసిపోవును. ఆట ముగియక లేచిపోవుట ఫలశ్రుతి లేని పురాణమును వినుటవంటిది. వారమంతయు పనిచేసి ఒక్క శనివారపు సాయంకాలమును మిత్రులకై మిగుల్చుకొన్నవానికి ఇది స్వల్పనష్టము కాదు. సాఫ్టువేరు వృత్తివారు దీనిని సులభముగా గ్రహింపఁగలరు. ప్రతి క్రొత్త కూర్పునందును చేర్చిన సౌకర్యమెల్ల మేలు కాదని వారికి తమ వృత్తియే నేర్పుచున్నది.

గడుల లెక్కకును ఆట గుణమునకును సంబంధము లేదనుటకు మన పరమపదసోపానపటమే సాక్షి. ఈ జాతి పటములలో 72 గడులు గల వైష్ణవపటములును, 84 గడులు గల జైనపటములును కలవు. సంఖ్య మాఱినను ఆట చెడలేదు; నిచ్చెనకు పుణ్యము పేరును, పామునకు పాపము పేరును, పై వరుసకు పరమపదమను అర్థమును ఉండెను. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఇంగ్లండునందు ప్రచారమునకు వచ్చి క్రమముగా నూఱు గడుల పిల్లల ఆటగా స్థిరపడినప్పుడు పేర్లు జాఱిపోయినవి, పాములు మిగిలినవి. అచట తఱిగినది గడులు కాదు, అర్థము.

కాఁబట్టి సిద్ధాంతమిది. అనుబంధము క్రీడను బాగుచేయును, చెడఁగొట్టును. పేరునుబట్టి కాక పనినిబట్టి నిర్ణయింపవలయును. మూలమును పలుమాఱు ఆడి, దాని కొఱఁతను ఎఱిఁగిన పిదప, ఆ కొఱఁతకు సరిపడు అనుబంధమును ఒక్కొక్కటిగా చేర్చుట ఉచితము. ఈ లెక్కను "ది రీపర్" ముందును, "ది డంజన్" పిదపను గ్రాహ్యములు. తక్కిన రెండును లేకున్నను క్రీడకు లోటు లేదు.

తెలుగు కథలతో ఇట్టి క్రీడను కల్పింపఁగోరువారికి మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీకథలు మంచి మాతృక. పండ్రెండు భాగములుగా పెరిగినను ఆ గ్రంథము చెదరలేదు. ప్రతి మజిలీయందును గోపకుమారుఁడు ఒక వింతను చూచి ప్రశ్నించును. మణిసిద్ధుఁడు కథ చెప్పును. మఱునాఁడు ఇరువురును కాశివైపునకే నడతురు. మజిలీ యెన్ని కథలను చేర్చినను కాశి మఱుపునకు రాదు. అనుబంధమును రచించువాఁడును, కొనువాఁడును గుర్తుంచుకొనవలసిన నియమ మింతే.