మళ్లీ తాగిండా? మళ్లీ మాన్పిద్దాం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా ఈ మాట వినపడుతుంది: "మళ్ల మొదలువెట్టిండు." కల్లు మానేసి, కొన్నాళ్లు నిమ్మళంగా ఉండి, తిరిగి దుకాణం దారి పట్టినవాడి గురించి. ఆ వెంటనే తీర్పూ వస్తుంది: "ఇగ వాడు బాగుపడడు." ఆ తీర్పు తప్పు.

చెట్టు కల్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయినచోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం కలిపి అమ్ముతారు. ఒళ్లు ఈ మత్తుమందులకు అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, ఫిట్స్ వస్తాయి, పిచ్చిమాటలు మొదలవుతాయి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఇదే జరిగింది. ఈ మూడు జిల్లాలూ అప్పుడు మహబూబ్‌నగర్‌లోనే ఉండేవి. ఇక్కడి నుంచీ, నిజామాబాద్, మెదక్‌ల నుంచీ జనం దవాఖానలకు పరుగెత్తారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కిక్కిరిసింది.

కల్లు ఆపిన ఒక కూలీని దగ్గర నుంచి చూశాను. రెండు చేతులతో పట్టుకున్నా చాయ్ గ్లాసు నిలవలేదు, సగం లుంగీ మీదే ఒలికింది. "అర సీస తాపితె నిమ్మళమైతడు" అంది భార్య. ఆమెకు ఇంకో మందు ఉందని ఎవరూ చెప్పలేదు.

మందు ఉంది. డాక్టర్లు మాత్రలిచ్చి, మోతాదు మెల్లమెల్లగా తగ్గిస్తూ ఒంటిని దారికి తెస్తారు. ఆ తర్వాత కూడా కూలి పైసలు చేతిలో పడ్డ సాయంత్రమో, పెండ్లిలో దోస్తులు కూడినప్పుడో మనసు లాగుతుంది. మత్తుకు బానిసలై చికిత్స పొందినవారిలో నూటికి 40 నుంచి 60 మంది మళ్లీ ఆ అలవాటులో పడతారని అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ లెక్క. బీపీ, ఉబ్బసం తిరగబెట్టడం కూడా దాదాపు ఇంతే. బీపీ పెరిగితే మాత్ర మార్చి చూస్తాం కదా, తాగినవాడికీ ఆ ఓపిక చూపాలి.

ఈ మూడు జిల్లాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. మీ ఇంట్లో ఎవరైనా మళ్లీ మొదలుపెడితే తిట్టకండి, ఇంట్లో కట్టేసి మాన్పించకండి. తెల్లారగానే దవాఖానకు తోలుకపోండి.