పావు వెలుగు చాలు

వినాయక చవితి మండపాల్లో సీరియల్ సెట్ల పక్కన పిక్సెల్ లైట్లు ఎప్పుడో వచ్చి చేరాయి. రెడీమేడ్ కంట్రోలర్‌లో ఎస్‌డీ కార్డు పెడితే చాలు, దేవుడి వెనక చక్రం గిర్రున తిరుగుతుంది. నాకు ఆ కార్డు కిట్టదు. ఓ ఈఎస్‌పీ32 బోర్డు, ఓ స్ట్రిప్పు కొనుక్కుని, ఏ దీపం ఎప్పుడు ఏ రంగులో వెలగాలో సొంతంగా రాసుకోవడంలో ఉన్న మజా వేరు.

మన చేతికొచ్చే స్ట్రిప్పుల్లో తరచుగా కనిపించేది డబ్ల్యూఎస్2812బి. 5 మిల్లీమీటర్ల తెల్ల చదరం. లోపలికి చూస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడు చుక్కల్లా, వాటి పక్కనే బుల్లి చిప్పు. డేటాకు తీగ ఒక్కటే. బంతిలో సాంబారు గిన్నె చేతులు మారినట్టు, మొదటి దీపం తన వంతు 24 బిట్లు తీసుకుని మిగతాది పక్కదానికి అందిస్తుంది. బిట్టుకు 1.25 మైక్రోసెకన్లు. 300 దీపాలకు రంగు చెప్పడం 9 మిల్లీసెకన్లలో అయిపోతుంది. అన్నట్టు, ఇందులో రంగుల వరస ఆకుపచ్చతో మొదలవుతుంది. ప్రోగ్రాంలో ఆ సంగతి చెప్పకపోతే ఎర్రగా వెలగాల్సింది ఆకుపచ్చగా వెలుగుతుంది.

స్ట్రిప్పు వెలగ్గానే అందరూ చేసేది ఒకటే: అన్నిటికీ నిండు విలువ 255 ఇచ్చి, ఇంద్రధనుస్సును పరిగెత్తించడం. రెండు నిమిషాలు బాగుంటుంది, ఆపైన తలనొప్పి. ఈ పనిలో నేర్చుకోవాల్సింది వెలిగించడం కాదు, తగ్గించడం.

255లో సగం 128. కానీ 128 రాస్తే సగం వెలుగులా కనిపించదు, అంతకన్నా బాగా ఎక్కువగా అనిపిస్తుంది. మసక వెలుగులో కన్ను చిన్న తేడానూ పట్టేస్తుంది. జిగేలుమన్నచోట పెద్ద తేడానూ పట్టించుకోదు. అందుకే రాసే అంకెను కంటి తీరుకు సరిచేసే గామా పట్టిక. గామా 2.2 అనుకుంటే, సగం వెలుగు కనిపించాలంటే రాయాల్సింది 56.

ప్రమిద వెలుగు రాయబోతే ఇది బాగా తెలిసొస్తుంది. ఎరుపు నిండుగా, ఆకుపచ్చ అందులో మూడో వంతు, నీలం సున్నా. వెలుగు గబుక్కున పడి, నెమ్మదిగా లేవాలి. ఏ దీపం లెక్క దానిదే. అన్నీ కలిసి ఊగితే అది ప్రమిదల వరస కాదు, కవాతు. తీరా అడుగు మెట్ల దగ్గరికి వచ్చేసరికి చిక్కు: 1 నుంచి 2కు వెళ్తే వెలుగు ఒక్కసారి రెట్టింపవుతుంది, ఆ గెంతు కంటికి దొరికిపోతుంది. అందుకే నా ప్రమిదల్ని అంత కిందికి దిగనివ్వను.

కరెంటు లెక్కా తగ్గించమనే చెబుతుంది. పూర్తి తెలుపులో ఒక్కో దీపం సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. 300 దీపాలంటే 18 ఆంపియర్లు, 90 వాట్లు. ఫోను చార్జర్‌తో అయ్యే పని కాదు. స్ట్రిప్పులోని సన్నటి రాగి పట్టీలో వోల్టేజీ పడిపోయి, చివరి దీపాల తెలుపు నారింజ వైపు తిరుగుతుంది. ఎరుపు కన్నా నీలానికీ ఆకుపచ్చకూ ఎక్కువ వోల్టేజీ కావాలి మరి, ముందు మందగించేవి అవే. ఇది తెలియక కోడ్‌ను తిరగరాస్తూ రాత్రంతా కూర్చునేవాళ్లున్నారు. రెండో కొసన కూడా 5 వోల్టులు ఇవ్వండి, కుదురుకుంటుంది.

ఇంకో పేచీ ఉంది. ఈఎస్‌పీ32 ఇచ్చే సిగ్నల్ 3.3 వోల్టులు, 5 వోల్టుల మీద నడిచే దీపం అడిగేది 3.5. ఇంట్లో పనిచేస్తుంది, మండపం ప్రారంభం రోజున మొరాయిస్తుంది. మధ్యలో సిగ్నల్‌ను 5 వోల్టులకు పెంచే ఓ 74ఏహెచ్‌సీటీ125 చిప్పు పెడితే ఆ బెంగ ఉండదు.

ఈసారి చవితికి సొంతంగా లైట్లు కట్టబోయే కుర్రాళ్లకు ఒక మాట. బ్రైట్‌నెస్ 60 దగ్గర పెట్టండి. కంటికి సగం వెలుగు దక్కుతుంది, కరెంటు పావు వంతుకు దిగుతుంది. పవర్ తీగకు ఫ్యూజు మాత్రం మరవద్దు, వానకు సప్లై తడవనివ్వొద్దు.