చెక్క అచ్చులో కనపడని వాడ

హిరోషిగే రంగుల చెక్క అచ్చుల గురించి ఎవరు మాట్లాడినా వాన, మంచు, వెన్నెల దగ్గరే ఆగిపోతారు. ఆ వాన దేనిమీద, దేనితో అచ్చుపడిందని అడగరు. మేం అక్కణ్నించే మొదలుపెడతాం.

1856-58 మధ్య వచ్చిన 'ఎదో వంద ప్రసిద్ధ దృశ్యాలు' తీసుకుందాం. ఎదో అంటే ఇప్పటి టోక్యో. గీసింది హిరోషిగే. ఆ గీతను చెర్రీ చెక్కమీద చెక్కింది వేరొకరు, అచ్చు వేసింది ఇంకొకరు. ఆకాశంలో నీలం పైనుంచి కిందికి పలచబడుతుందే, అది చెక్కుడులో లేదు. చెక్కమీద రంగును తుడిచి పలచన చేసిన అచ్చు పనివాడి చేతిలో ఉంది. బొమ్మమీద సంతకం మాత్రం హిరోషిగేది, ముద్ర ప్రచురణకర్తది. ఇంతవరకు కళాచరిత్రకారులూ ఒప్పుకుంటారు.

ఇంకో మెట్టు దిగుదాం. రంగు పాకకుండా కాగితానికి పట్టించేది పటిక కలిపిన జిగురు. గీతల నల్లసిరా కూడా మసిని జిగురుతో ముద్దచేసిందే. ఆ జిగురేమో గొడ్ల తోళ్లు ఉడకబెడితే వచ్చేది. చచ్చిన గొడ్డును తీయడం, తోలు ఊనడం ఆనాటి జపాన్‌లో ఎవరి నెత్తిన పెట్టారు? 'ఎతా' అనబడ్డవాళ్ల నెత్తిన. ఆ మాట రాసే అక్షరాలకు అర్థం 'మైల నిండినవాళ్లు'. లంద వాసన ఎరిగినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. తోలు లేనిదే ఆ వాన గీత నిలబడదు.

మరి మనుషులో? 1857 నాటి ఒక బొమ్మలో సుమిదా నది ఒడ్డున గేయిషా నడిచిపోతుంటుంది. అవతల మత్సుచి కొండ, సన్‌యా కాలువ మొగలో దుకాణాల దీపాలు, పైన చుక్కలు. చాలా అందమైన బొమ్మ, కాదనం. ఆ కాలువ పక్కనే ఎదో అస్పృశ్యుల పెద్ద దంజాయెమొన్ ఆవరణ, వాడ ఉండేవి. వాటి ఊసు బొమ్మలో లేదు. ఒక్క కాగితంలో ఊరంతా ఎట్లా ఇముడుతుంది అంటారేమో. నిజమే, ఇమడదు. కానీ 'ప్రసిద్ధ స్థలం' అన్నప్పుడే ఏరివేత అయిపోయింది గదా! గుడి, వంతెన, పూలతోట, చివరికి వేశ్యావాటిక కూడా ప్రసిద్ధమే. తోలు ఆరేసిన వాడ కాదు.

చెక్కడం చేతగాక కాదు. అవే చెక్క అచ్చులతో వేసిన ఆనాటి పటాల్లో 'ఎతా ఊరు' అని రాసి మరీ చూపించారు. చూడదగ్గ చోటని కాదు, తప్పుకు పోవాల్సిన చోటని. 1871లో ప్రభుత్వం ఆ పేరును రద్దుచేసింది. 2009లో ఆ పాత పటాలు గూగుల్ ఎర్త్‌లో కనపడేసరికి గొడవైంది, ఆ మాట చెరిపేశారు. ఊరిని బట్టి ఉద్యోగం, పెళ్లి సంబంధం ఆపే మనుషులు అప్పటికీ ఉన్నారు మరి.

ఈ బొమ్మల ప్రదర్శన ఎక్కడ పెట్టినా కాగితం, సిరా వివరాలు రాసేచోట 'జిగురు' అని ఒక్కమాటతో వదిలేయొద్దని మేమంటాం. ఆ తోలు ఎవరు ఒలిచారో కూడా రాయాలి.