లీటరు నూనె కిలో కాదు

నిజామాబాదు జిల్లా వేల్పూరు ప్రాంతమున పండు పసుపును బజారులో ఎవరును డబ్బాతో కొలువరు. కాటాపై తూచియే కొందురు. 2015లో మూతపడిన బోధన్ చక్కెర కర్మాగారమునకు వచ్చిన చెరకునకును తూకమే ప్రమాణము. రసమును గూడ చక్కెర పరిశ్రమలో బ్రిక్స్ అంశములలో లెక్కింతురు. అనగా నూరు గ్రాముల రసములో కరిగియున్న ఘనపదార్థము ఎన్ని గ్రాములో చూతురు. పంటకు, పరిశ్రమకు ఇంత జాగ్రత్త గల ఈ సీమలో సైతము వంటింటిలో మాత్రము కొలత, తూకము ఒకటే అను భ్రమ పోలేదు. ఇందుకు వంటపుస్తకముల బాధ్యత తక్కువది కాదు.

పెక్కు పుస్తకములలో ‘గ్లాసు అనగా 200 గ్రాములు’ అని ఒకే లెక్క కనబడును. 200 మిల్లీలీటర్ల గ్లాసు విషయమున ఇది నీటికి సరిపోవును. అదే గ్లాసెడు వంటనూనె సుమారు 183 గ్రాములే తూగును, పాలు 206, నూటికి అరువది పాళ్ళు చక్కెర గల పాకము 257, తేనె సుమారు 284. గ్లాసు మారలేదు, మారినది పదార్థముల సాంద్రత. ఘనపరిమాణమును సాంద్రతచే హెచ్చించిననే బరువు వచ్చును. సాంద్రతను విడిచిన పట్టిక పట్టికయే కాదు.

పప్పు తాలింపునకు ఈ తేడా లెక్కలోనిది కాదు. చెంచాతో, గ్లాసుతో కొలుచుట తప్పును కాదు. అది సులభము, వేగము. కాని ఊరగాయ సంగతి వేరు. ముక్కలపై నూనె తేలి గాలిని అడ్డుకొనవలెను. అయిదు కిలోల నూనె అని వ్రాసినచోట అయిదు లీటర్లు పోసినచో 435 గ్రాముల వరకు తగ్గును. ఏడాదికి సరిపడ జాడీ బూజు పట్టినచో నష్టపడునది పుస్తకకర్త కాదు, గృహిణి.

ఈ పొరపాటు నేటిది కాదు. శేరు అను ఒకే పేరు తూకమునకును, కొలతకును వాడుకలో నుండెను. 1956 చట్టముతో వచ్చిన మెట్రిక్ పద్ధతి కిలోగ్రామును, లీటరును విడదీసినది. చట్టము విడదీసిన దానిని పుస్తకములు మరల కలుపుట విచారకరము.

బజారులో దీనికి ధర గూడ కలదు. నూనె వేడెక్కిన కొలది వ్యాకోచించును. లీటరు సోయా నూనె 21 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 919 గ్రాములు. 60 డిగ్రీల వద్ద 893 గ్రాములు మాత్రమే. పొట్లముపై హెచ్చు ఉష్ణోగ్రతను ముద్రించి, లీటరు పేర తక్కువ నూనె నిచ్చుటకు ఇందు అవకాశమున్నది. అందుచేత కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఉష్ణోగ్రతను విడిచి, ఘనపరిమాణముతోబాటు బరువును గూడ ముద్రింపవలెనని ఆదేశించి, 2023 జనవరి 15 వరకు గడువిచ్చినది. ఉష్ణోగ్రత లేని లీటరు అసంపూర్ణమే. అయినను ఎండకు, చలికి మారని బరువు ప్రక్కనే ఉండుటచే కొనువానికి రక్షణ కలిగినది.

కావున ధరలు పోల్చునపుడు గ్రాములనే చూడవలెను. లీటరు పొట్లముపై 910 గ్రాములని ఉన్నచో, దానిని వేయిచే భాగించిన వచ్చు 0.91 ఆ నూనె సాంద్రతయే. వేరు పట్టిక అక్కరలేదు. వంటపుస్తకములు వ్రాయువారు ప్రతి ద్రవమునకు మిల్లీలీటర్లను, గ్రాములను రెంటిని ఇచ్చుట మేలు. అది చేయలేనిచో నీటి లెక్కను నూనెకు అంటగట్టకుండుటయైనను వారి కనీస ధర్మము.