తెలుగు లినక్సు – కదలని మౌసు

లినక్సు తెరపై తెలుగు కొత్త కాదు. స్వేచ్ఛ అను పేర తెలుగు లినక్సు 2005లోనే హైదరాబాదునుండి వెలువడినది. గ్నోమ్ మొదలగు తెరలకును స్వచ్ఛందముగా శ్రమించినవారు తెలుగు సమకూర్చిరి. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల తెలుగు మాధ్యమ విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు. అయితే ఒక సామాన్యమైన పరీక్ష పెట్టి చూతము: మౌసు కదలనిచో ఈ తెలుగు ఎంతదూరము తోడు వచ్చును?

మౌసు అమరికల కిటికీ తెలుగులోనే యుండును. బాణపు వేగము తగ్గించుటకు, ఎడమచేతివారికి మీటలు మార్చుటకు అది చక్కగా ఉపకరించును. కాని మౌసు పనిచేయుచున్నదను తలంపుతోనే ఆ కిటికీ కూర్చబడినది. చెడినప్పుడు దానిని తెరచుటకే కీబోర్డు కావలెను. తెరచినను కారణ మందు దొరకదు.

కారణము లోపల నున్నది. యునిక్సు సంప్రదాయమున పరికరమును కూడ ఫైలువలె చదువుదురు. లినక్సులో 'డెవ్' అను డైరెక్టరీయందలి 'ఇన్‌పుట్' లోపల 'మైస్' అను ఫైలు కలదు. మౌసు కదలినపుడెల్ల అందుండి మూడేసి బైట్లు వెలువడును. మొదటిదానిలో మీటల స్థితియు దిశల గుర్తులును, రెండవదానిలో అడ్డముగా జరిగిన దూరము, మూడవదానిలో నిలువుగా జరిగిన దూరము. ఈ ఫైలును 'క్యాట్' ఆజ్ఞతో చదివించుచు మౌసును కదపిన తెరపై అర్థములేని అక్షరములు పుట్టును. పుట్టినచో మౌసు, తీగ, కర్నెలు మూడును సరియే. లోపము పైనున్న తెర వ్యవస్థది. పుట్టనిచో 'డీమెసెజ్' ఆజ్ఞ నిచ్చి కర్నెలు ఏమనుచున్నదో చూడవలెను. ఈ రెండాజ్ఞలకు సాధారణముగా నిర్వాహకుని అధికారము కావలెను. (బల్లకు గాజు పరచియున్నచో ముందు మౌసు క్రింద కాగిత ముంచుడు. కాంతి మౌసు బల్ల బొమ్మలను వెంటవెంట తీసి పోల్చుకొనును. గాజుపై దానికి పోల్చుకొనుటకేమియు దొరకదు.)

ఇచటనే తెలుగు ఆగిపోవును. కర్నెలు మాటలన్నియు ఇంగ్లీషే. ఇందుకు అనువాదకులను నిందించుట అన్యాయము. కర్నెలు సందేశములను భాష మార్చి చూపు ఏర్పాటే అందు లేదు. లినక్సు మూలపు అక్షరముల తెర ఒకేసారి 512 అక్షరరూపములకు మించి ఉంచుకొనజాలదు. మన గుణింతములను, ఒత్తులను కూర్చజాలదు.

నా ఆక్షేపణ వేరు. కిటికీలలోని ప్రతి పదమునకు తెలుగు వెదకినవారు, కర్నెలు వాక్యముల భావమును తెలుపు నాలుగు పుటలను కూడ ఆ తెరతోపాటు ఈయవలసియుండెను. ఉదాహరణకు 'డివైస్ డిస్క్రిప్టర్ రీడ్' అని, చివర 'ఎర్రర్ -71' అని కనుపించినదనుకొనుడు. విద్యార్థి యంత్రమే చెడినదని లేచిపోవును. దాని భావ మింతే: నీవెవరవని కంప్యూటరు మౌసు నడిగినది, వచ్చిన జవాబు కలగాపులగముగా నున్నది. తరచుగా ఇది తీగదో, గుచ్చిన రంధ్రముదో దోషము. ఆదిలాబాదు గోండు విద్యార్థికి తెలుగే రెండవ భాష, ఇంగ్లీషు మూడవది. అతనికి ఈ నాలుగు పుటలు మరింత అవసరము. అవి వచ్చులోపల ఉపాధ్యాయులు ఈ ఒక్క వాక్యమునైనను, "వేరొక రంధ్రమున గుచ్చి చూడుము" అను మాటతో కలిపి, ప్రయోగశాల గోడకు అంటింపవచ్చును.